మచ్చ పడితేనే ఇంటికి

పండ్ల మార్కెట్లో ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అంటారు. కాయలు మాగేసిన గది తలుపు ఓరగా తీసి, గాలి ఒక్కసారి పీల్చి, "కిటికీ వైపు గంపలు రేపటికి, గోడ వైపువి ఎల్లుండికి" అని చెప్పేస్తాడు. చెప్పాక ఇక తిరుగు లేదు. పొడి మందు వేసి కాయకి రాత్రికి రాత్రే పసుపు రంగు తెప్పించేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మంట. "మొహానికి పౌడరు కొట్టుకున్నంత మాత్రాన ముసలాడు కుర్రాడైపోతాడా?" అని నలుగురిలోనే కడిగేస్తాడు. అందుకే ఆయనకి స్నేహితులు తక్కువ.

మామిడికాయ ఎంచడం ఆయన వంతు. తొడిమ లోపలికి దిగి, దాని చుట్టూ భుజాలు పైకి లేచిందే ముదురు కాయ. లేతది గడ్డిలో ఎన్నాళ్లుంచినా ముడతలు పడుతుందే తప్ప పండదు. మిగతాదంతా భార్య వంతు. సొన కారిపోయేలా కాయల్ని బోర్లించడం, కడిగి ఆరబెట్టడం, ఎండుగడ్డి పరిచి వరసలు పేర్చడం, రోజూ ఒక్కో కాయనీ తిప్పి చూడటం. పెళ్లయిన ఏడాది నుంచీ ఆవిడ చేతులకి సొన మచ్చలు వదల్లేదు.

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. మచ్చ పడితేనే పండు ఇంటికి రావాలి. మంచిది కొనేవాడి సొత్తు, దాని మీద చెయ్యి వెయ్యకూడదు. ఈ నియమం పెట్టింది మేస్త్రే. దెబ్బతిన్న పండుంటే పక్కవాటినీ పాడుచేస్తుంది కాబట్టి ఏరోజుకారోజు ఏరి సంచిలో వేసుకొచ్చేవాడు. ఆవిడ నల్లబడిన మేరకి చాకుతో తీసేసి, మిగిలింది కూతురికి పెట్టి, చాకుకి అంటుకున్నది తను నాకేది. మామిడిపండుకి మచ్చ కూడా తొడిమలాగే పుట్టుకతో వస్తుందనుకునేది ఆ పిల్ల. అత్తారింట్లో మొదటిసారి పండు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "మచ్చేదీ?" అని అడిగిందట. ఆ ముచ్చట తలుచుకుని ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవాళ్లు. నవ్వుకున్నారే గానీ, అందులో ఉన్న సంగతి ఆలోచించిన పాపాన ఎవరూ పోలేదు.

ఈ వేసవి ఇంకా మొదలుకాకుండానే ఆవిడకి గొంతులో ఏదో అడ్డుపడుతున్నట్టు అనిపించింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మేస్త్రిని పక్కకి పిలిచాడు. "మెత్తటిది ఏదడిగితే అది పెట్టండి. కొన్నాళ్లు పోతే అదీ దిగదు."

"ఏం తినాలనుందే?" అని అడిగాడు ఇంటికొచ్చాక.

"మామిడిపండు," అంది ఆవిడ, పిల్లలు అడిగినట్టు.

తోటల్లో కాయ అప్పుడప్పుడే ముదురుతోంది. మేస్త్రి చెట్టు చెట్టూ తిరిగి, ఒక చిన్న గంపకి సరిపడా కోయించుకొచ్చాడు. గడ్డి పరవబోతే చేతకాలేదు. ఇన్నేళ్లూ ఆ పని ఎలా జరిగిపోయేదో ఆయన ఏనాడూ చూడలేదు. "కాస్త పొడి వెయ్యి మేస్త్రీ, తెల్లారేసరికి మెత్తబడతాయి" అని ఎవరో చెవిన వేశారు. ఎప్పటిలా ఆ మాటన్నవాణ్ణి కడిగెయ్యలేదు. ఆ సాయంత్రం పొడి అమ్మే కొట్టు ముందు నుంచి అటొకసారి, ఇటొకసారి నడిచాడు. కొనకుండానే ఇంటికొచ్చేశాడు.

తంటాలు పడి తనే గడ్డి పరిచి, రోజూ ఒక్కో కాయనీ తిప్పి చూసుకున్నాడు. పండ్లు కుదిరాయి. అన్నిట్లోకీ మేలైనదాన్ని తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ తిప్పి చూసి, వాసన చూసి, దుప్పటి మీద పెట్టేసింది.

"ఇది అమ్మేది కదయ్యా. దెబ్బతిన్నదేదైనా ఉంటే తీసుకురా."

"నీకోసమే మాగేశానే."

"చోద్యం కాకపోతే, ఈ గొంతుకి ఇంత పండా? సగం పారెయ్యాలి."

"తినమ్మా, నీకు దణ్ణం పెడతాను," అని తల్లిని చూసుకోవడానికి అత్తారింటి నుంచి వచ్చిన కూతురు బతిమాలింది. ఆవిడ మొండికేసింది. మొగుడు పెట్టిన నియమాన్ని మొగుడే వచ్చి ఎత్తేస్తానన్నా ఒప్పుకునే మనిషి కాదు. కూతురు వంటగదిలోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మేస్త్రి గంపంతా వెతికాడు. కంటికి రెప్పలా చూసుకున్నాడు కదా, ఒక్కదానికీ గీత కూడా పడలేదు. చివరికి ఒక పండు తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. బొటనవేలు దాని బుగ్గ మీద ఆనించాడు. చెయ్యి రాలేదు. బేరానికొచ్చినవాళ్లు పండు నొక్కి చూస్తే కసురుకునే మనిషి. కళ్లు మూసుకుని, తోలు కింద కండ నలిగేదాకా నొక్కాడు.

మర్నాటికి అక్కడ మచ్చ తేలింది. "ఇదిగో, దెబ్బతింది. ఇంకెవడు కొంటాడు?" అంటూ తెచ్చిచ్చాడు.

ఆవిడ మచ్చ మీద వేలితో తడిమింది. "గంపలో దెబ్బయితే తోలు గీసుకుంటుంది. ఇది నీ బొటనవేలు."

మేస్త్రికి ఇక దాచడం చేతకాలేదు. "అవునే, నేనే నొక్కాను. ముక్కూ మొహం తెలీనివాళ్లకి ఏరి ఏరి ఇచ్చాను. కట్టుకున్నదానికి మాత్రం పాడయ్యాకే తెచ్చాను. ఆ నియమం పెట్టిన నా నోరు పడిపోనూ!" కూతురుందని కూడా చూడకుండా భోరుమన్నాడు.

ఆవిడ పండుని ఇంకోసారి తిప్పి చూసింది. తర్వాత, "చాకు తేవే," అంది కూతురితో.

కూతురు చిన్న ముక్క కోసి నోట్లో పెట్టింది. ఆవిడ నాలుక మీదే ఉంచుకుని, కరిగాక మెల్లగా మింగింది. దిగింది. ఆవిడ మొహంలోకి ఆశ్చర్యం వచ్చింది.

"ఇన్నేళ్లూ మనం అమ్మింది దీన్నా?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే మేస్త్రి తట్టుకునేవాడేమో. ఆవిడ రెండో ముక్క తీసి ఆయన నోటికి అందించింది. ఆయనా అంతవరకూ ఆ రుచి ఎరగడు.