ఖతీఫ్ బోర్డు ఎందుకు మొత్తుకుంది

కడప షాబాజ్‌కు తన కోడ్ మీద నమ్మకం మామూలుది కాదు. సౌదీలో, దమ్మామ్‌లోని ఒక చిన్న కంపెనీలో, గ్యాస్ లీకైతే సైరన్ మోగించే బోర్డులకు ప్రోగ్రాం రాస్తాడు. ఖతీఫ్ పంపు షెడ్డులో పెట్టిన బోర్డు గ్యాస్ లేకుండానే మూడు వారాలుగా గోల పెడతాంటే, అట్లాంటిదే ఇంకోటి బల్ల మీద పెట్టి నూరుసార్లు స్విచ్ ఆపి వేసి చూసినాడు. కిక్కురుమంటే ఒట్టు! "కోడ్‌లో తప్పు లేదు, సైట్లో ఎవరో కెలుకుతున్నారు" అని రిపోర్టు రాసి సంతకం గీకినాడు.

సైట్లో ఉండేది ఒక్కడే, జగిత్యాల బుచ్చన్న. నేను ముట్టనేలేదని ఫోన్లో ఎంత మొత్తుకున్నా షాబాజ్ నమ్మలేదు. మేనేజర్ అబ్దుల్ ఘనీ రిపోర్టు చదివి, ఆదివారం బుచ్చన్న వీసాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తానన్నాడు. పద్నాలుగేళ్లుగా పని చేస్తున్న మనిషిని!

ముందు ఒకసారి కళ్లారా చూసి రమ్మని ఆయనే అంటే, గురువారం షాబాజ్ ఖతీఫ్ పోయినాడు. పన్నెండు కాగానే బుచ్చన్న మెయిన్ స్విచ్ దించినాడు.

"ఏందన్నా, ఆపుతాండావ్?"

"మూడింటి దాక ఎండల పని బంద్ గద సార్. ఎండకాలం రోజూ గింతే."

షాబాజ్ షెడ్డుకు తాళమేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. బుచ్చన్న అది చూసి, నీడకు పోయి కూర్చున్నాడు. మూడింటికి తాళం తీసి మెయిన్ ఎత్తినారో లేదో, సైరన్ చెవులు చిల్లులు పడేట్టు మోగింది.

షాబాజ్‌కు మతి పోయింది. ఎవరూ ముట్టలేదు, గ్యాస్ లేదు, మరేందిది? ఆపి వెంటనే వేసినాడు. చప్పుడు లేదు! ఇంకోసారి. లేదు. "యా అల్లా, ఏం మాయ ఇది!" అని తల గోక్కున్నాడు, బోర్డును తిట్టినాడు, సెన్సర్ విప్పి బిగించినాడు. ఏమీ తేలలేదు.

"జర్ర ఆపి వేస్తే ఏమనది సార్. మూడు గంటలు ఆపితెనే మొత్తుకుంటది," అన్నాడు బుచ్చన్న.

షాబాజ్ ల్యాప్‌టాప్ తెరిచినాడు. బోర్డు లేవగానే మెమరీలో ఒక గడిలోని అంకె తీసి చూసుకుంటుంది. ఆ గడిలో మొదట సున్నా పెట్టే కోడ్ వరుస తాను రాయనేలేదు! కాసేపు నడిచినాక బోర్డే అందులో మంచి అంకె రాసుకుంటుంది; అర సెకను ఆపితే ఆ పాత అంకె అట్లే ఉంటుంది. మూడు గంటలు కరెంటు లేకుంటే అది పోయి, ఏదో చెత్త అంకె చేరుతుంది. బోర్డు దాన్నే గ్యాస్ అనుకుంటుంది. నూరుసార్లు ఆపి చూసిన పెద్దమనిషి, ఒక్కసారన్నా పూటంతా ఆపి చూసినాడా?

ఆ వరుస రాసి, మళ్లీ మూడు గంటలు ఆపి వేసినారు. బోర్డు కిమ్మనలేదు. షాబాజ్ అక్కడినుంచే ఘనీకి ఫోన్ చేసి తప్పు నాదేనన్నాడు. తిట్లన్నీ తిన్నాడు, ఎగ్జిట్ ఆగింది.

"అన్నా, నువ్వు ముట్టలేదని ఘనీ సార్‌కు చెప్పినా."

"మూడు వారాల సంది నేను గదే చెప్తున్న గద సార్," అని బుచ్చన్న చెయ్యి చాపినాడు.

షాబాజ్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. షెడ్డు తాళంచెవి ఇంకా తన జేబులోనే ఉంది.