మూడు పాయింట్లు తీసేసిన గ్రాఫ్

మంగళవారం పొద్దున ల్యాబ్‌లో గ్లవ్స్ వేసుకుంటుండగా మేడమ్ పోయారని మెసేజ్ వచ్చింది. చదివి, పని మొదలుపెట్టాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. రెండు నెలలుగా ల్యాబ్‌కీ ఆవిడున్న ఆస్పత్రికీ డ్రైవ్ చేసీ చేసీ టీమ్ అంతా అలసిపోయాం.

ఆవిడ మా టీమ్ లీడ్. మందుగా మారాల్సిన ప్రోటీన్‌ని మలినాల నుంచి వేరుచేయడం మా పని. ద్రావణాన్ని కాలమ్ అనే గొట్టం గుండా పంపితే ముందు ప్రోటీన్, వెనకాలే మలినం బయటికొస్తాయి. మలినం కలవకుండా ప్రోటీన్ పట్టడం ఎప్పుడు ఆపాలో మేడమ్ లెక్కలు, అంటే ఆవిడ మోడల్, ముందే చెప్పేవి. అయినా ప్రతి రన్‌కీ ముందు ఆవిడ ఆ లెక్కల గ్రాఫ్‌ని పెన్సిల్‌తో గీసి మెషీన్‌కి అతికించేవారు. "కంప్యూటర్ గీస్తే తప్పు దానిదనిపిస్తుంది బాబూ. చేత్తో గీస్తే నాదే" అనేవారు. లంచ్‌లో పెరుగన్నం తింటూనే మా ఈక్వేషన్లు దిద్దేవారు. సగం కాగితాలకి మాగాయ మరకలుండేవి.

ఒకసారి, ముందుగా పరీక్షించి చూసే చిన్న కాలమ్ డేటాలో, మలినం మొదలయ్యే దగ్గర మూడు పాయింట్లు లెక్కకి కుదరలేదు. శుక్రవారానికి రిపోర్ట్ ఇవ్వాలి. నా వీసా ఎక్స్‌టెన్షన్ నడుస్తోంది. ఆ మూడూ తీసేశాను. గ్రాఫ్ ముచ్చటగా కుదిరింది. తీరా పెద్ద కాలమ్‌లో మలినం ముందే వచ్చి ప్రోటీన్‌లో కలిసిపోయింది. బ్యాచ్ అంతా పారబోశారు. మీటింగ్‌లో మేడమ్ "మోడల్ నాది, తప్పూ నాదే" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం.

ఆ తప్పుని ఎనిమిది నెలలు మోసి, పోయిన నెల ఆస్పత్రిలో చెప్పేశాను.

"తెలుసు. మీటింగ్‌కి ముందే చూశాను" అన్నారు. "ఆ మూడూ తిరిగి పెట్టి రిపోర్ట్ సరిచేశా కూడా. నువ్వది ఓపెన్ చెయ్యనే లేదన్నమాట."

"మరి నన్నడగలేదేం మేడమ్?"

"అడిగితే ఒప్పుకునేవాడివి. నువ్వే వచ్చి చెప్తావేమోనని చూశా." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "సరేగానీ, అవి ఎందుకు కుదర్లేదో చూశావా?"

చూడలేదు. తప్పు దాచడంలో పడి అసలు ప్రశ్నే మర్చిపోయాను.

మేడమ్ పోయాక, నిన్న ఆ డేటా తెరిచి కూర్చున్నాను. సాయంత్రానికి దొరికింది. కాలమ్‌లో మలినాన్ని పట్టుకునే చోటు నిండిపోయి కొంత మలినం ముందే జారిపోతోంది. మా లెక్కలో ఆ సంగతే లేదు. లేచి ఆవిడ గదికి వెళ్లాను. అడుగుపెట్టగానే కదలికని పసిగట్టి సెన్సార్ లైట్ వెలిగింది. "దొరికింది మేడమ్" అన్నాను, ఖాళీ కుర్చీతో. మొత్తం వివరంగా చెప్పాను. చెప్పడం అయ్యాక కదల్లేక అలాగే నిలబడిపోయాను. గదిలో ఎవరూ లేరనుకుని లైట్ ఆరిపోయింది.