నూరువరహాల ధరకు రెక్కలు

ఆర్థికశాస్త్రం చదివి మార్కెట్లను ఉద్ధరించినవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. చదువు పూర్తికాకుండానే ఒక మార్కెట్టును అతలాకుతలం చేసినదాన్ని చూడాలంటే మాత్రం నన్నే చూడాలి. అదీ ఎక్కడో కాదు, సొంత బాబాయి నర్సరీ నడుపుకుంటున్న కడియంలో.

అప్పుడు రాజమండ్రిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కడియంలో పక్కపక్కనే అన్ని వందల నర్సరీలుంటే పోటీవల్ల మొక్కల ధర ఎంత తగ్గుతుందో తేల్చడం నా పని. "రీసెర్చ్ అంటే అసలు ధర చెప్పరమ్మా, కొనేదానిలా వెళ్ళి అడుగు," అన్నారు మా గైడు గారు. ఒక్క మొక్క అడిగితే ఎవరు లెక్కచేస్తారని, ఐదువేల నూరువరహాల మొక్కలు కావాలని అడిగాను. ఈ తెలివి మాత్రం పూర్తిగా నాదే. ఇంట్లో తులసికోటకి కూడా నీళ్ళు పొయ్యని మనిషిని.

ఎండకి ముఖం నిండా చున్నీ చుట్టుకుని, నల్లకళ్ళజోడు పెట్టుకుని స్కూటీ మీద ప్రతి నర్సరీకీ వెళ్ళాను. "లోడు ఎక్కడికండి?" అంటే, "హైదరాబాదులో పెద్ద వెంచరండి, ఫోన్ చేస్తాను," అనేదాన్ని. సొంతవాళ్ళను అడిగితే పరిశోధన చెడిపోతుందని బాబాయి నర్సరీ ఒక్కటే వదిలేశాను. నిజాయితీ అలాంటిది!

తరవాతి వారం వెళ్ళి అడిగితే ధర పెరిగింది. ఆ పై వారం ఇంకా పెరిగింది. నేను నివ్వెరపోయాను. ఇంత పోటీలో ధర పెరగడమేంటి? గైడు గారైతే కుర్చీలోంచి లేచిపోయారు. "కారణం పట్టుకో, నీ థీసిస్ అయిపోయినట్టే," అన్నారు.

కారణం కోసం చున్నీ విప్పేసి బాబాయి దగ్గరికి వెళ్ళాను. గేటు నుంచి పంపుషెడ్డు దాకా ఎటు చూసినా నూరువరహాలే. కాలు పెట్టే చోటు లేదు.

"ఇదంతా ఏంటి బాబాయ్?"

"పెద్ద పార్టీ దిగిందమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ప్రతి నర్సరీలోనూ ఐదువేలు అడిగిందంట. ఒక్కడి దగ్గర అన్ని ఉండవు కదా, పక్కోళ్ళ దగ్గర ఎత్తి లోడు నింపాలి. అందరూ అందరికీ ఫోన్లే. నేను కూడా మీ చెల్లి ఇంజనీరింగ్ ఫీజు డబ్బులు పెట్టి కొనేశాను. నెలాఖరులోగా కట్టాలిలే. ఈలోపు పార్టీ రాదా ఏంటి?"

"ఎవరంట ఆ పార్టీ?"

"ఎవరో ఆడమనిషంట. ముఖానికి చున్నీ, నల్లకళ్ళజోడు. ఎర్ర స్కూటీ మీద వస్తుందంట."

గేటు దగ్గర నా ఎర్ర స్కూటీ, దాని హ్యాండిల్‌కి నా చున్నీ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారే, నా విషయంలో ఆ పిల్లను కూడా నేనే.

"ఆ పార్టీ ఇంక రాదు బాబాయ్."

"ఎందుకు రాదు?"

"వచ్చేసింది."

బాబాయి నన్ను చూశాడు, స్కూటీని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. అక్కడే మట్టికుప్ప మీద కూలబడ్డాడు. అక్కణ్ణుంచే, "ఆ చున్నీ కట్టుకో," అన్నాడు.

"ఎందుకు?"

"ఇంకో రౌండు తిరిగి రా. ఈసారి పదివేలు అడుగు. ధర ఇంకాస్త లేస్తే నావి అమ్మేసుకుంటాను."

మార్కెట్టంటే ఏంటో ఆయనకి నాకంటే బాగా తెలుసని అర్థమై బిత్తరపోయాను. "తప్పు బాబాయ్, కొన్నవాళ్ళు మునిగిపోతారు," అన్నాను.

"అయితే చున్నీ లేకుండానే తిరుగుదాం పద."

నర్సరీ నర్సరీకీ తీసుకెళ్ళి, "పార్టీ ఇదేనండి, మా అన్నయ్యగారి అమ్మాయి," అని పరిచయం చేశాడు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోన్లెండి, చదువు కోసం కదా. ఓ వంద మొక్కలైనా కొనుక్కోండి," అన్నారు ప్రతిచోటా, మజ్జిగ ఇచ్చి మరీ. మజ్జిగ తాగాక కాదనడమెలా?

చెల్లి ఫీజు నా ఫెలోషిప్పులోంచి కట్టాను. బాబాయి మొక్కలు లారీలో మా ఇంటికొచ్చాయి. "డబ్బు కట్టావు, సరుకు నీది. మాటంటే మాటేనమ్మా," అన్నాడు డ్రైవర్ పక్కనుంచి దిగుతూ. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ, గైడు గారింటి చుట్టూ కూడా, ఇవాళ్టికీ నూరువరహాలు విరగబూస్తున్నాయి.

కడియం మట్టి సాక్షిగా చెబుతున్నాను, కొనని వస్తువు ధర ఈ జన్మలో అడగను. బజారుకెళ్తే వంకాయలు సంచీలో వేయించుకుని, డబ్బులిచ్చేసి, ఆ తరవాతే కిలో ఎంతని అడుగుతున్నాను.