అడగకుండా అచ్చు వేయని గురూజీ

తర్లగూడలో మా గురూజీ కన్నుమూశారని పోయిన నెల ఒక పొద్దున ఫోన్ వచ్చింది. భోపాలపట్నంలోని నా కంప్యూటర్ దుకాణంలో అప్పుడు ఆయన రాసిన పుస్తకమే టైపు చేస్తున్నాను.

మాది హిందీ రాష్ట్రంలో, గోదారి ఒడ్డున ఉన్న తెలుగు ఊరు. ఆయన సర్కారు బడిలో హిందీలో పాఠాలు చెప్పేవారు. బడి వదిలాక తన ఇంటి అరుగు మీద మాకు తెలుగు అక్షరాలు నేర్పేవారు. ఆయన దగ్గరున్న తెలుగు పుస్తకం ఒక్కటే, భద్రాచలంలో కొన్న పురాణం. పైన పాత పద్యం, కింద ఎవరో పండితుడు రాసిన తాత్పర్యం. దాన్ని మొత్తం నోటుబుక్కులో ఎత్తి రాసుకున్నవాళ్లకే ఏకాదశి నాడు పదిమందిలో చదివే వంతు వచ్చేది.

మేం అట్ట నుంచి అట్ట దాకా రాసుకున్నాం. ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి, అనుమతి లేకుండా ముద్రించరాదు’ అన్న ముక్కతో సహా. నా వంతు వచ్చిన రోజు దాన్నీ రాగం తీసి చదివాను. ముసలివాళ్లు కళ్లు మూసుకుని దండం పెట్టారు. గురూజీ కండువా నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత అడిగితే, "పెట్టనీ బిడ్డా, దండం పెడితే నష్టమేంది" అన్నారు.

ఆ నోటుబుక్కులన్నీ చెదలు తినేశాయి. నేను దుకాణం పెట్టాక, ఆ పురాణాన్ని స్కాన్ చేసి ఊరికి సరిపడా కాపీలు తీద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"పద్యాలు ఎన్నడో పాతయి, అందరియి. అర్థం ఆ పంతులు కష్టపడి రాసిండు. అడగకుంట ఎట్ల తీసుకుంటం?"

"ఇంత దూరం వచ్చి ఎవరు చూస్తరు గురూజీ?"

"ఎవడు చూడకుంటే తీసుకోవచ్చని నీకు చదువు చెప్పిన్నా నేను?"

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ప్రచురణకర్తకు ఉత్తరం రాశారు. ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది. ఇంకేం అడ్డమన్నాను. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదన్నారు. డెబ్బై దాటిన వయసులో, పాత పుస్తకాన్ని పెట్టెలో పెట్టేసి, ప్రతి పద్యానికీ సొంతంగా, మన మాటల్లో అర్థం రాయడం మొదలుపెట్టారు. మూడేళ్లు పట్టింది. నాకు విసుగొచ్చిన రోజులున్నాయి. ఆయనకు రాలేదు. ఇవాళ నాకు తెలుగు రెండు ముక్కలు వచ్చాయన్నా, సిగ్గు తెలిసిందన్నా ఆయన పెట్టిన భిక్షే.

కర్మ అయ్యాక, టైపు చేసిన కాగితాలు పట్టుకుని ఆయన భార్య దగ్గరికి వెళ్లాను. ఆయన రాత మీద హక్కు ఇప్పుడు ఆమెది. ఆమెను అడగకుండా అచ్చు వేస్తే ఆయన దగ్గర నేను నేర్చుకున్నదేమీ లేనట్టే. ఆమెకు అక్షరాలు రావు.

"నన్నడుగుతున్నవా?" అని ఆశ్చర్యపోయారు. ఇప్పపువ్వు చాట ముందు పెట్టుకుని, "అంత చదివి ఇనిపియ్యి. ఇన్నంక చెప్త" అన్నారు.

చదువుతూ పోయాను. సముద్రాన్ని వర్ణించే పద్యం వచ్చింది. దాని కింద గురూజీ రాసిన అర్థం: ‘వానకాలం గోదారికి అవతలి ఒడ్డు లేకుంటే ఎట్లుంటదో అట్ల.’

ఆమె చెయ్యెత్తి ఆపారు.

"ఇది నేను చెప్పిన ముచ్చట. మనోళ్లు సముద్రం చూడలే, ఎట్ల చెప్పాలె అని నన్నడిగిండు. చెప్పిన."

‘రాసినవారు’ అన్న చోట నేను ఆయన పేరొక్కటే టైపు చేశాను. పెన్ను తీసి పక్కన ఆమె పేరు రాస్తుంటే, ఆమె ఇప్పపువ్వు ఉన్న చాట పక్కకు జరిపి కాళ్లు చాపుకున్నారు.

"ముంగట నేను చెప్పినయి ఇంక శానా ఉన్నయి. చదువు."