రజియాపా వేయించిన పత్తిపువ్వు

నిన్న మా షెడ్డులో ఎవరిదో పాత సోఫా విప్పుతుంటే, చినిగిన గుడ్డ కింద నుంచి కొబ్బరి పీచు వాసన గుప్పుమంది. దుమ్ము, జిగురు, ఏళ్ళ తరబడి కూర్చున్న మనుషుల చెమట కలిసిన వాసన అది. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం రజియాపా, అక్కా అన్నట్టు మేమంతా ఆపా అని పిలిచిన రజియా, గుర్తొచ్చింది. నల్లగొండ బజారు వెనక సందులో ఆమె సోఫాల దుకాణం ఎప్పుడూ ఇదే వాసన వేసేది. భర్త పోయాక దుకాణం అమ్మేయమని అందరూ చెప్పినా వినకుండా తానే సుత్తి పట్టిన మనిషి ఆమె. మేకులు పెదవుల మధ్య పట్టుకొని పని చేసేది. అప్పుడు కూడా మాట ఆగేది కాదు. కుర్చీలకు, సోఫాలకు వేసే చేనేత గుడ్డలకు డిజైన్లు గీయడం ఈరోజు నా బతుకుతెరువు. ఆ దారిలో పెట్టింది ఆమే.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా బాపు మగ్గం మీద దుప్పట్లు నేసేవాడు. చండూరు దిక్కు మా ఊళ్ళో చాలామందిది అదే పని. మిల్లు దుప్పట్లు చవగ్గా దొరుకుతుండడంతో మావి అడిగేవాళ్ళు తగ్గిపోయారు. మగ్గం విప్పేసి పట్నంలో వాచ్‌మన్ పనికి పోతానని బాపు అంటున్న రోజులవి. నేను డిగ్రీ చదివి ఇంట్లోనే ఉన్నాను. ఒక దుప్పటి సంచిలో పెట్టుకొని నల్లగొండలో దుకాణం దుకాణం తిరిగి చివరికి రజియాపా ముందు పరిచాను. ఆమె దాన్ని రెండు చేతులా గుంజి చూసింది. మోకాలి మీద వేసుకొని గోళ్ళతో గీరింది.

"మంచిగున్నది బిడ్డా. గని గిది పండుకునేటందుకు. కూసునేటందుకు గాదు," అంది.

"రెండిట్ల ఏం ఫరకుంటది ఆపా?"

"పండుకున్నోడు గుడ్డనేమంటడు? కూసున్నోడు ఊకుంటడా? జరుగుతడు, లేస్తడు, మల్ల కూలవడ్తడు. నూలు జోడుపోగులేసి గట్టిగ నెయ్యమను మీ బాపును. పువ్వులు నువ్వు గియ్యి."

"నాకు గీసుడు రాదాపా."

"నాకు సుత్తి వట్టుడు వచ్చెనా?" అని మేకులు నోట్లో పెట్టుకుంది. ఇక ఆ విషయం మీద మాట్లాడేది లేదన్నట్టు.

సోఫాలవాళ్ళు చెబితే నేను నేయాలా అని బాపు గొణిగాడు కానీ, మర్నాడే నూలు తెప్పించాడు. నా మొదటి డిజైను నిండా డైమండ్ పువ్వులే. దాన్ని కుర్చీకి తొడిగి, ఆపా దర్జాగా అందులో కూర్చొని నన్ను పిలిచింది. "ఇగ చెప్పు సరితా, నీ పువ్వు ఏడున్నది?" నేను నసిగాను. "మీ కింద." ఆమె నవ్వు సందు చివరిదాకా వినిపించి ఉంటుంది. ఆ రోజు నుంచి కూర్చునే చోట సన్నటి గీతలు వదిలేసి, చేతులు ఆనే చోట, పక్కల మీద పువ్వులు వేయడం మొదలుపెట్టాను. అలా వేసిన కుర్చీలు దుకాణం ముందు పెడితే దారిన పోయేవాళ్ళు ఆగి చేత్తో తడిమేవారు. యాదగిరిగుట్టలో కట్టే ఒక లాడ్జికి గుడ్డలు కావాలని ఆర్డరు కూడా వచ్చింది. బాపు వాచ్‌మన్ పని మాట మానేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మర్రిగూడ నుంచి ఒక అంగన్‌వాడీ టీచరు వచ్చింది. ఫ్లోరైడు నీళ్ళకు ఆమె తల్లి ముత్యాలమ్మ నడుము వంగిపోయిందట, మెడ ఎత్తలేదట. ఏ కుర్చీలోనూ కూర్చోలేకపోతోందని చెప్పింది. ఆపా కొలతలు అడగలేదు. నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కింది. ముత్యాలమ్మ గోడ పక్కన నేల మీద ఒదిగి ఉంది. ఆపా ఆమె ఎదురుగా కూర్చొని, ముఖం కనబడేదాకా తానూ వంగింది.

"నాకెందుకమ్మా కుర్చీ? ఏడ కూసున్నా నాకు నా కాళ్ళే కనవడ్తయి," అంది ముత్యాలమ్మ.

"ఏం జూడబుద్దయితది నీకు?"

ముత్యాలమ్మ చాలాసేపు ఆలోచించింది. "పత్తిచేన్ల పువ్వు. ఏరవోయినన్ని దినాలు జూసిన. దినమంత అండ్లనే ఉంటుంటి గద."

తిరుగు బస్సులో ఆపా టికెట్టు వెనక కుర్చీ గీసింది. వెనక్కి వాలే కుర్చీ కాదు. ముందుకు వాలితే చేతులు, ఎదురొమ్ము ఆనడానికి ముందు మెత్తటి అడ్డపలక ఉన్న కుర్చీ. ఆ పలక మీదే పువ్వు.

బాపు ఒప్పుకోలేదు. ఫోనులో గట్టిగానే అన్నాడు. "ఒక్క కుర్చీకి మగ్గం మీద పడుగు వోస్తరా ఎవలన్న? లాడ్జి పని చెయ్యిజారితే ఎట్ల?"

"అన్నా, లాడ్జికొచ్చేటోళ్ళు ఒక్క రాత్రి ఉండి పోతరు. గామె దినాం అండ్లనే కూసుంటది," అంది ఆపా.

లాడ్జి యజమాని ఆగలేదు. సగం ఆర్డరు వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. బాపు కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక పొద్దున చేతిరుమాలు తెచ్చి నా ముందు విప్పాడు. అందులో రెండు పత్తిపువ్వులు. ఒకటి అప్పుడే విచ్చిన లేత పసుపు, ఇంకొకటి ముందురోజు పూసి గులాబి రంగుకు తిరిగింది. "రెండు రంగులు గావాలె గద," అని మాత్రం అన్నాడు. నూలును ముందు పసుపులో ముంచి, పసుపుగా ఉండాల్సిన చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, గులాబిలో ముంచాం. కట్టిన అంచుల్లో రంగు కొంచెం పాకి, పువ్వు నిజంగానే వాడబోతున్నట్టు వచ్చింది.

కుర్చీ తయారయ్యాక బాపు చూసి తల పట్టుకున్నాడు. "పువ్వు తలకిందులు గొట్టినవు గదా చెల్లే!"

"నీకు తలకిందులు. కూసుండేటామెకు సక్కగనే ఉంటది," అంది ఆపా.

మర్రిగూడకు బాపు కూడా వచ్చాడు. కూతురు, ఆపా చెరో పక్క పట్టుకొని ముత్యాలమ్మను కూర్చోబెట్టారు. ఆమె చేతులు పలక మీద ఆనించి, ఊపిరి వదిలి, కళ్ళు నిలిపి చూసింది. వంకరపోయిన వేలితో పసుపు పువ్వును ముట్టింది. "గిది గీ పొద్దున పూసింది." వేలు గులాబి పువ్వు మీదికి జరిగింది. "గిది నిన్నటిది." బాపు బయటికి వెళ్ళి వేపచెట్టు కింద నిలబడ్డాడు.  

ఆ తర్వాత మాకు ఇంకా చాలా పనులు వచ్చాయి, కొన్ని పోయాయి. ఆపాకు గుండె జబ్బు చేసినప్పుడు హైదరాబాదు దవాఖానకు వెళ్ళాను. పైకప్పు వంక చూస్తూ పడుకొని ఉంది. నన్ను దగ్గరికి రమ్మని, నర్సుకు వినబడకుండా అంది. "గీ ఛత్తుకు ఒక పువ్వన్న ఎయ్యరాదు బిడ్డా గీళ్ళు? పండుకున్నోళ్ళు జూసేది గదే గద." ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆమెకు దగ్గొచ్చింది, నర్సు నన్ను కోప్పడి బయటికి పంపింది. మళ్ళీ ఆమెతో మాట్లాడకముందే ఆమె పోయింది.

ఇప్పుడు నేను ఎవరింటికి కొలతలకు వెళ్ళినా టేపు వెంటనే తీయను. ఆ ఇంట్లో మనిషి ఎక్కడ కూర్చుంటారో, కూర్చొని ఎటు చూస్తారో అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. కొందరు మాత్రం, తమను ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగనట్టు, కాసేపు ఆగి చెబుతారు. అలా ఆగిన ప్రతిసారీ నా పక్కన రజియాపా ఉంటుంది.