స్ప్రింగు పరుగెత్తిన శుక్రవారం

చమురు పొంగిన ఆ కాలంలో దోహాలో ఎటు చూసినా తవ్విన గోతులూ లేస్తున్న గోడలే. ఒక పుస్తకం చదివినవాడు పండితుడనీ, సగం పుస్తకం చదివినవాడు అంతకంటే పెద్ద పండితుడనీ నేను నమ్మిన రోజులు కూడా అవే. నేను చదివింది సగమే. మా ఊరి శాఖా గ్రంథాలయంలో (అక్కడి పెద్దాయన్ని మేం ‘ముద్ర సారు’ అనేవాళ్ళం, గడువు తేదీ ముద్ర వెయ్యకుండా తన సొంత పుస్తకం కూడా ఇంటికి తీసుకుపోని మనిషి) మోటారు మరమ్మతుల మీద ఒక లావుపాటి తెలుగు పుస్తకం ఉండేది. పద్నాలుగు రోజుల గడువులో దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకుంటూ వచ్చాను. కమాన్ కట్టల (లారీల కింద బరువు మోసే ఇనప పట్టీల కట్టలు) అధ్యాయం పూర్తయ్యేసరికి గడువూ పూర్తయింది, బొంబాయి రైలెక్కే రోజూ వచ్చింది. మిగతా సగాన్ని ముద్ర సారు బల్లమీద పెట్టి, ఊళ్ళో అందరి దృష్టిలో ‘దుబాయ్’ పోయాను. నిజానికి పోయింది ఖతార్‌కు, మెసైమీర్ క్యాంపుకు, కంకర తట్టలు మొయ్యడానికి.

తట్టలు మోస్తూ ఊరుకున్నానా? క్యాంపులో ఎవరి బండి ఆగినా దాని జబ్బు ఏమిటో నోటుబుక్కు చూసి చెప్పేవాణ్ణి. ఆ సంగతి ఉమ్ ఘువైలినాలో చిన్న గ్యారేజీ నడిపే హైదరాబాదీ ఉస్తాద్ చెవిన పడింది. ఆయన దక్కనీలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు. సెలవురోజైన శుక్రవారాల్లో నన్ను రానిచ్చేవాడు. మొదటి రోజే నేను ‘ఆఘాత శోషకం’ అన్నాను. ఆయన చేతిలోని పానా కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

“అరే పంతులూ, గదేంది? మందు సీసానా?”

“కాదు ఉస్తాద్, గుంతల్లో బండి ఎగరకుండా కుదుపును తాగేస్తది గదా, అది.”

“షాకబ్జర్ అను మియా. నీ భాషల పిలిస్తే అది పలుకదు.”

అప్పటినుంచీ నా పేరు పంతులే.

ఉస్తాద్‌కు ఒక మనిషి కావాలి. నాకు తట్ట నుంచి విడుదల కావాలి. మధ్యలో ఉన్నది గ్యారేజీ లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ ముసలి కఫీలు. ఆయన తల ఊపితే నా వీసా గ్యారేజీకి మారుతుంది, ఊపకపోతే మళ్ళీ కంకర. ఆయన దగ్గర ఆకుపచ్చ రంగు అమెరికన్ కారు ఒకటుండేది, వెనక చేప తోకలాంటి రెక్కలతో. (లోపల వాసన కూడా చేపదే. వారం వారం అల్ రువైస్‌లో తమ్ముడి పడవ దగ్గరికి పోయి డిక్కీ నిండా చేపలు తెచ్చేవాడు.) కొత్త కార్లు వరదలా వస్తున్నా ఆయన దాన్ని వదల్లేదు. డిక్కీ మీద అదిమి వదిలితే బండి నాలుగుసార్లు ఊగేది. వెనక షాకబ్జర్లు రెండూ చచ్చిపోయాయి. “ఇది నువ్వు ఎక్కించు, నేను పక్కనుంట. ముసలాయన నడుం నొయ్యకుండ తోలిండంటే నీ పని అయినట్టే” అన్నాడు ఉస్తాద్.

ఆ శుక్రవారం చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలు విప్పి, ఇరుసు కింద జాకీ ఆనించి, ఆయన చేతులు కడుక్కున్నాడు. “జుమ్మా నమాజుకు పోయొస్త. అందాక నట్లకు నూనె పోసి నానబెట్టు. ఏదీ విప్పకు పంతులూ.”

నూనె పోశాను. నట్లు నానుతున్నాయి, నేను ఎండుతున్నాను. నోటుబుక్కు తెరిస్తే నట్లు విప్పే పద్ధతి నా దస్తూరిలోనే గుండ్రంగా ఉంది. ఆయన వచ్చేసరికి పని సగం చేసి చూపిస్తే? ఒక నట్టు మొరాయించింది. పానాకు పొడుగు గొట్టం తొడిగి లాగితే (భారం, బలం, ఆధార బిందువు, ఇదీ చదువు!) కిర్రుమని తిరిగింది. మొదటి షాకబ్జర్ చేతికొచ్చింది. గర్వంతో ఛాతీ ఎంత పొంగిందంటే, రెండోదాని కిందికి దూరడానికి ఇరుసు కింది జాకీ అడ్డమొచ్చింది. నా పుస్తకం బొమ్మలో అక్కడ జాకీ లేదు. పాపం, ఉస్తాద్ మరిచిపోయి వదిలేసి ఉంటాడు అనుకుని, దాన్ని దించి పక్కకు లాగేశాను.

రెండో నట్టు ఊడింది. ఇరుసు ధబ్బున కిందికి దిగింది. ఆ జాగాలోంచి ఒక బొద్దు చుట్టల స్ప్రింగు బయటికి దూకి, ఒకసారి దొర్లి, దారి దొరికిన మేకపిల్లలా వాకిలి దాటి వీధిలోకి పరుగెత్తింది. దాని వెనక నేను. ఎదురుగా నమాజు ముగించుకుని వస్తున్న జనం. స్ప్రింగు ఇంకెవరి దగ్గరా ఆగకుండా ముసలి కఫీలు చెప్పులకు తగిలి ఆగింది. పక్కనే ఉస్తాద్.

ఉస్తాద్ స్ప్రింగును చూడలేదు. ముందు నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసి, వేళ్ళు లెక్కపెట్టాడు. పదీ ఉన్నాయని తేలాక మొదలుపెట్టాడు. “జాకీ ఎందుకు తీసినవ్ రా? ఇది నీ కితాబుల కారు కాదు! అండ్ల కమాన్ కట్టలు ఇరుసును పట్టుకుంటయ్. ఇండ్ల స్ప్రింగులు ఊకె కూసుంటయ్, కిందికి జారకుండ ఆపేది షాకబ్జరే. అది విప్పితే ఇంకేం పట్టుకుంటది, నీ చదువా?” అంటూనే కారు కిందికి దూరి బ్రేకు గొట్టం తడిమాడు. తెగలేదు.

తర్వాత ఆయన కఫీలు వైపు తిరిగి ధారాళంగా అరబ్బీలో ఏదో చెప్పాడు. చేతులు చూస్తే అర్థమైంది. స్ప్రింగులకు దుమ్ము పట్టింది, కడగడానికి మేమే తీశాం అంటున్నాడు. నాకోసం, నమాజు నుంచి వస్తూ వస్తూ ఆ మంచి మనిషి అబద్ధమాడుతున్నాడు. కఫీలు వినీ విననట్టు విని, నన్ను అడిగాడు, “మిన్ సవ్వా హాదా?” ఎవరు చేశారిది అని. ఉస్తాద్ నాకు కన్ను గీటాడు. నాకు వచ్చిన అరబ్బీ వేళ్ళమీద లెక్కపెట్టేంత. అందులో ఆ క్షణానికి సరిపోయేది ఒకటే వాక్యం.

“అనా. అనా ముఖ్ మాఫీ.” నేనే. నాకు బుర్ర లేదు.

ముసలాయన నవ్వలేదు. “యల్లా”, కానివ్వు అని గడప మీద కూర్చున్నాడు, పని చూడటానికి. ఉస్తాద్ ఈసారి చెయ్యి వెయ్యలేదు, నోటితో చెప్పాడంతే. ఇరుసు కింద జాకీ పెట్టాను. స్ప్రింగును దాని పీటలో కూర్చోబెట్టాను. మెల్లగా లేపుతూ కొత్త షాకబ్జర్లు బిగించాను. చక్రాలు తొడిగి బండి నేలమీద నిలిచాకే రబ్బరు బుష్‌ల నట్లు చివరిసారి బిగించమన్నాడు. (ఇది కూడా నా సగంలో లేదు.) డిక్కీ అదిమి వదిలాను. ఒక్కసారి లేచి, ఆగిపోయింది.

కఫీలు నన్ను వెనక సీట్లోకి ఎక్కమని చెయ్యి చూపి, మెసైమీర్ దారి పట్టాడు. గుంత వచ్చిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకున్నాను. బండి ఒకసారి ఒంగి, మర్యాదగా సర్దుకుంది. ఆఖరికి మా క్యాంపు ముందే ఆపాడు. అంతే, తెచ్చి వదిలేశాడనుకున్నాను. తలుపు దగ్గర మా గది కాకా, “ఏందిరా, పనికిరావని తోలుకొచ్చిండా?” అన్నాడు. నేను తల దించుకుని లోపలికి నడుస్తుంటే వెనకనుంచి హారన్ మోగింది.

“యా ముఖ్ మాఫీ! జీబ్ సందూక్!”

పెట్టె తెచ్చుకో అని. అప్పుడు నవ్వుతున్నాడు ముసలాయన, స్టీరింగు మీద వాలిపోయి మరీ. నేను ఏడ్చాననుకుంటాను. కాకా మాత్రం చెమట అని సర్దిచెప్పాడు.

వీసా మారడానికి కొన్ని నెలలు పట్టింది, మారింది. మొదటి సెలవులో ఊరికి పోగానే గ్రంథాలయానికి వెళ్ళాను. నేను ఆపిన చోటి తర్వాతి పేజీలోనే, నల్లటి అక్షరాల్లో ఉంది: ‘చుట్టల స్ప్రింగులున్న వాహనాల్లో, ఆఘాత శోషకాన్ని విప్పక ముందు ఇరుసుకు కింద ఆధారం ఉంచవలెను.’ నవ్వాగలేదు. ముద్ర సారు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

“మోటారు బుక్కుల నవ్వేదేముందయ్యా?”

“నా గురించి రాసిండ్రు సార్.”

ఇప్పటికీ ఏ పుస్తకమూ చివరి పేజీ దాకా పోనిదే మూయను. కానీ ఆ ఒక్క పేజీ సమయానికి చదవనందుకు మాత్రం, ఉస్తాద్ లెక్కపెట్టిన ఈ పది వేళ్ళతో, రోజూ ఒక దండం పెట్టుకుంటాను.