అమ్మ చూడని లారీ బతుకు

మా నాయినకు విశ్రాంతి ఇవ్వాలన్న పిచ్చి ఆలోచన నాదే. తప్పు ఎవరి మీదికీ తోయను.

చూపు మందగించిందని డాక్టర్ చెప్పాక ఆయన లారీ అమ్మేశాడు. ఏళ్ళ తరబడి నాగపూర్ కమలాలు, నూజివీడు మామిడి తెచ్చి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో దించిన మనిషి. మార్కెట్ అక్కడి నుంచి తరలిపోయాక సిమెంటో ఇటుకో, ఏది దొరికితే అది తోలాడు. లారీ పోయాక మా దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో ఆయనకే తెలియలేదు. సోఫాలో కూర్చుంటే ఊడ్వాలి లెమ్మని అమ్మ కసిరేది. మెట్ల మీద కూర్చుంటే పైవాటా వాళ్ళకు అడ్డం. నేను బడి పంతులమ్మను, టైంటేబుల్ వేయందే నాకు నిద్ర పట్టదు. నాయినకూ ఒకటి వేశాను. అందులో మొదటిది విహారయాత్ర.

ఈ మధ్య కారవాన్లు కిరాయికి ఇస్తున్నారు. మంచాలు, గ్యాస్ పొయ్యి, చిన్న బాత్‌రూం అన్నీ ఉన్న వ్యాను. డ్రైవరు కూడా వాళ్ళ మనిషే. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ హైవే ఎక్కి, పెద్ద అంబర్‌పేట్ తర్వాత పక్క రోడ్డు పడితే గంటన్నరకు రిజర్వు అడవి వస్తుంది. అక్కడ బండి ఆపుకొని రాత్రి ఉండడానికి చోటిస్తారు. శని, ఆదివారాలకు మాట్లాడి, ఎక్కడికో చెప్పకుండా అమ్మానాయినలిద్దరినీ ఎక్కించాను. దారి పొడుగునా నాయిన డ్రైవరుకు గేరు ఎప్పుడు మార్చాలో చెబుతూనే ఉన్నాడు. ఆ మనిషి ఓపికగా "సరే అన్నా" అంటూ తన పద్ధతిలోనే తోలాడు.

అడవిలోకి వెళ్ళాక నాయిన గేర్ల సంగతి మరిచిపోయాడు. ఎటు చూసినా రాళ్ళే. మూడంతస్తుల ఇల్లంత గుండు, దాని మీద లారీ అంత గుండు, దాని కొసన ఇంకొకటి. ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడేటట్టున్నాయి. నాయిన వాటి చుట్టూ తిరిగాడు. వంగి, గుండుకూ గుండుకూ మధ్య సందులోంచి వెలుతురు చూశాడు.

"లోడు కట్టినోడు మొనగాడు బిడ్డా. తాడు లేకుండ నిలబెట్టిండు" అన్నాడు.

లారీ అమ్మిన ఈ రెండు నెలల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. నా టైంటేబుల్ పనిచేస్తోందని తెగ మురిసిపోయాను.

ఆ మురిపెం పది నిమిషాలు కూడా నిలవలేదు. లోపల పరుపు చూపించి, "ఇయ్యాల ఈడనే పండుకుంటం నాయినా" అన్నాను. ఆయన పరుపును చూశాడు, కిటికీని చూశాడు, నన్ను చూశాడు.

"ముప్పై ఏండ్లు బండ్లనే పన్న గద బిడ్డా. మళ్ల బండ్లనే పండుమంటవా?"

నాలుక కరుచుకున్నాను. ఇంత చదువు చదివి ఆ ముక్క నాకెందుకు తట్టలేదో! హోటల్లో జన్మంతా పిండి రుబ్బిన మనిషికి గ్రైండరు బహుమతిగా ఇచ్చినట్టయింది నా పని.

"పొద్దుగూకక ముందే ఇంటికి పోదాం" అన్నాడు నాయిన. డ్రైవరును పిలవడానికి నేను లేచాను. అమ్మ మాత్రం పరుపు మీద నుంచి కదల్లేదు.

"నేనెన్నడన్న పన్ననా బండ్ల?" అంది.

నిజమే. లారీ మా వీధి చివర ఎన్నోసార్లు ఆగింది గానీ, అమ్మ ఒక్కసారి కూడా అందులో ఊరు దాటలేదు. పండ్ల లోడు ఆలస్యమైతే కుళ్ళిపోతుంది, పెళ్ళాన్ని ఎక్కించుకొని తిరిగే పని కాదది.

"నువ్వు ఏడ తిన్నవో, ఏడ పన్నవో, తానమెట్ల జేసినవో నాకేం ఎరుక? ఒక్క దినం సూపియ్యి. అటెన్క పోదామంటే పోదాం."

ఆమె తనకోసం అంత గట్టిగా ఏదైనా అడగడం నేనెన్నడూ వినలేదు. నాయిన ఒప్పుకోకపోతే అమ్మకు ఆయన ముప్పై ఏళ్ళు ఇక ఎన్నటికీ తెలియవని నాకు దిగులు పుట్టింది.

"సూడనీకేమున్నది అండ్ల" అని గొణుక్కుంటూనే ఆయన కిందికి దిగాడు. ముందు టైరు కింద పెట్టడానికి రాయి కావాలన్నాడు. హ్యాండ్ బ్రేకు వేశానని డ్రైవరంటే, "బ్రేకును నమ్మితే అయిపాయె" అని కసిరాడు. అన్ని రాళ్ళున్న చోట టైరు కింద పట్టే రాయి దొరకడానికి పావుగంట పట్టింది. తర్వాత ఒక్క చెంబు నీళ్ళతో మొహం, మెడ, కాళ్ళూ చేతులూ ఎలా కడుక్కోవాలో చేసి చూపించాడు. ఆఖరున అమ్మను పొయ్యి దగ్గరి నుంచి పక్కకు జరిపి, "నువ్వు కూసో" అన్నాడు.

అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. ఇంట్లో ఈ మనిషి మంచినీళ్ళు కూడా ముంచుకొని తాగి ఎరగడు.

నేను తెచ్చిన సామాన్లలోంచి కోడిగుడ్లు తీసి కడిగి బియ్యంతోపాటే గిన్నెలో వేశాడు. ఒకే మంట మీద రెండూ ఉడికాయి. ఉల్లిగడ్డను పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది పొట్టు లాగేశాడు. టమాటలు చేత్తోనే నలిపి, పచ్చిమిర్చి తుంచి వేసి, చింతపండు పిసికి పోశాడు. గుడ్లు ఒలిచి ఆ పులుసులో వదిలాడు. కత్తి ముట్టనే లేదు.

పళ్ళేలు పట్టుకొని బయట బండ మీద కూర్చున్నాం. ఎండ తగ్గినా బండ ఇంకా వెచ్చగానే ఉంది. నిజం చెప్పాలంటే ఆ పులుసు అమ్మ చేసే పులుసు కంటే బాగుంది. ఆ మాట పైకి అనలేదు, నా ప్రాణం నాకు తీపి.

అమ్మ నాలుగు ముద్దలు తిని ఆగిపోయింది.

"రోజూ గింత మంచిగ ఒండుకున్నవా?"

నాయిన నవ్వాడు, కొంచెం గర్వంగానే. ఆ నవ్వే కొంప ముంచింది.

"మరి ఫోన్ జేసినప్పుడల్ల 'ఏదో తిన్నలే' అనేటోనివి గద! మన గల్లీల కిరాణా కొట్టు ఫోనుకు జేసినప్పుడు గదే మాట, సెల్లు ఒచ్చినంక గూడ గదే మాట. నువ్వాడ కడుపు మాడ్చుకుంటున్నవని నాకీడ ముద్ద దిగకపోయేది. కూర ఒండబుద్ధిగాక పచ్చడి మెతుకులు తిని పన్న. నువ్వేమో గిట్ల పులుసులు జేసుకొని తిన్నవా!"

చిన్నప్పుడు నేను అమ్మకు ఆకలి తక్కువేమో అనుకునేదాన్ని.

నాయిన పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

"మంచిగ తిన్న అంటే, నాకోసం సూసుడు బంద్ జేస్తవనుకున్న."

అంతలో డ్రైవరు వచ్చి, "అన్నా, పొద్దుగూకుతున్నది. పోదామా మరి?" అని అడిగాడు. అమ్మ ఏమంటుందోనని నాయిన ఆమె మొహంలోకి చూశాడు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకొని పళ్ళెం ఆయన ముందుకు జరిపింది.

"ఇంకింత ఎయ్యి" అంది.